“అన్నా, ఇంటర్వ్యూల ఏమడుగుతరు?” – సాఫ్ట్‌వేర్ కొలువుకు ఎలా తయారవ్వాలి

దసరా నాడు చేతిలో జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి, ఇంకా పూర్తిగా లేవకముందే మా వాడకట్టు పిల్లలు అడిగే మాట ఒక్కటే: “అన్నా, ఇంటర్వ్యూల ఏమడుగుతరు?” చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చున్నా అదే ప్రశ్న. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. నేను హన్మకొండలోనే ఇంజనీరింగ్ చదివాను. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నా. అందులో నాలుగేళ్లుగా ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చుంటున్నా.

నిట్‌లో చదివేవాళ్లకు ఇది పెద్దగా అక్కర్లేదు. అక్కడికి కంపెనీలే గేటు దాకా వస్తాయి, చెప్పడానికి సీనియర్లూ ఉంటారు. చుట్టుపక్కల కాలేజీల్లో బీటెక్, ఎంసీఏ చేసి, సొంతంగా అప్లై చేసుకుంటున్న ఫ్రెషర్ల కోసం రాస్తున్నా. ఏడాది, రెండేళ్ల అనుభవం ఉండి కంపెనీ మారాలనుకునేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. 2020 జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ తలుపులు తెరిచినప్పుడు “ఇగ మనకు ఇక్కడే కొలువులు” అని మావాళ్లు సంబరపడ్డారు. కొలువు మడికొండలోనైనా మాదాపూర్‌లోనైనా ఇంటర్వ్యూ మాత్రం ఒకే తీరు.

ముందే ఒక మాట చెప్తా. నా ముందు కూర్చుని ఫెయిలైనవాళ్లలో తెలివి తక్కువై పోయినవాళ్లు కొందరే. నోరు మెదపక పోయినవాళ్లే ఎక్కువ. “తెలిస్తే చెప్పు, లేకుంటే కూర్చో” అనే క్లాసుల్లో పెరిగాం కదా, జవాబు పూర్తిగా తయారయ్యేదాకా పెదవి విప్పం. ఇంటర్వ్యూలో ఆ అలవాటే ముంచుతుంది. కింద చెప్పే వాటిలో సగం ఆ అలవాటు వదిలించుకోవడానికే.

కావలసినవి

- ఒక్క పేజీ రెజ్యూమె, పీడీఎఫ్‌లో. ఫైలుకు మీ పేరే పెట్టండి. ‘ఫైనల్ ఫైనల్ టూ’ అనే పేరుతో వచ్చినవి నేను చాలా చూశాను.
- ఒక్క ప్రోగ్రామింగ్ భాష. జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్, ఏదైనా సరే. మూడూ సగం సగం వద్దు.
- మీ చేత్తో మీరు చేసిన ప్రాజెక్టు ఒకటి. చిన్నదైనా ఫర్వాలేదు.
- తెల్ల కాగితాలు, పెన్ను.
- కెమెరా పనిచేసే ల్యాప్‌టాప్, వైరున్న ఇయర్‌ఫోన్. ఇంట్లో వైఫై ఏ కంపెనీదో, ఫోన్‌లో సిమ్ దానిది కాకుండా వేరేదై ఉంటే మంచిది.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండు సెట్ల జిరాక్స్‌లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఆధార్.
- మీలాగే వెతుక్కుంటున్న దోస్తు ఒకరు. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో ల్యాప్‌టాప్ కంటే ఇదే ముఖ్యం.
- రోజుకు రెండు గంటల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు.

1. ఎన్ని మెట్లో ముందే తెలుసుకోండి

ఫ్రెషర్లకు మామూలుగా ఇలా ఉంటుంది. మొదట ఆన్‌లైన్ పరీక్ష: ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, ఒకటి రెండు కోడింగ్ లెక్కలు. తర్వాత టెక్నికల్ రౌండ్ ఒకటో రెండో, ఒక్కోటి ముప్పావు గంట నుంచి గంట. కొన్నిచోట్ల మేనేజర్ రౌండ్ ఉంటుంది. చివర హెచ్ఆర్. అనుభవం ఉన్నవాళ్లకు ఆప్టిట్యూడ్ సాధారణంగా ఉండదు, దాని బదులు “ఇప్పుడు చేస్తున్న పనిలో మీ వంతు ఏమిటి?” అని తవ్వుతారు.

పిలుపు మెయిల్ రాగానే తిరిగి రాసి మూడు సంగతులు అడగండి: రౌండ్ ఎంతసేపు? కోడ్ ఏ భాషలో రాయొచ్చు? కోడ్ రన్ చేసి చూపాలా, ఉత్త డాక్యుమెంట్‌లో రాస్తే చాలా? ఇలా అడిగితే తప్పనుకుంటారని భయపడొద్దు. ఎవరూ అనుకోరు.

హెచ్చరిక: చాలా కంపెనీలు పది, ఇంటర్, డిగ్రీల్లో 60 శాతం కటాఫ్ పెడతాయి, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా అనీ అడుగుతాయి. 58 ఉంటే 60 అని రాయకండి. చేరేముందు సర్టిఫికెట్లు తనిఖీ చేసేటప్పుడు దొరికితే అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. కటాఫ్ పెట్టని చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. వాటికి వెళ్లండి.

2. రెజ్యూమెను కోయండి

మీరు రాసిన ప్రతి పదమూ “దీని గురించి నన్నడగండి” అని మాకిచ్చిన అనుమతి. ఒకబ్బాయి పద్నాలుగు టెక్నాలజీల పేర్లు రాశాడు. అందులో డాకర్ ఉంటే అదే అడిగాను. “అది సీనియర్ రెజ్యూమెల ఉండె సార్” అన్నాడు. నిజం చెప్పినందుకు ముచ్చటేసింది కానీ మార్కులు ఎట్లా వెయ్యను?

సరిచూసుకునే పద్ధతి: రెజ్యూమె దోస్తు చేతికివ్వండి. అతను కళ్లు మూసుకుని ఏదో ఒక పదం మీద వేలు పెట్టాలి. దాని గురించి మీరు ఆగకుండా రెండు నిమిషాలు చెప్పాలి. చెప్పలేని పదం కొట్టేయండి. పది సార్లు ఇలా చేస్తే మీ రెజ్యూమె తనంతట తానే ఒక్క పేజీకి వస్తుంది.

ప్రాజెక్టు కొనకండి. కొన్నది రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది: “ఈ డేటాబేసే ఎందుకు పెట్టుకున్నారు?”, “చేసేటప్పుడు ఎక్కడ తిప్పలు పడ్డారు?” సొంతంగా చేసినవాడు రెండో ప్రశ్నకు పది నిమిషాలు ఆపకుండా చెప్తాడు. ఇప్పటికే కొని ఉంటే, దాన్ని పక్కన పెట్టి మీ నాన్న కిరాణా దుకాణం ఖాతా పుస్తకాన్నో, మీ ఊరి పాల కేంద్రం లెక్కల్నో చిన్న వెబ్‌సైట్‌గా చేయండి. రెండు వారాల పని. ఎక్కడ చెడిందో, ఎలా బాగు చేశారో ఎప్పటికప్పుడు రాసుకోండి.

3. చదవాల్సింది ఇంతే

అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్ మ్యాప్, లింక్డ్ లిస్ట్, స్టాక్, క్యూ, బైనరీ సెర్చ్, సార్టింగ్, ట్రీలో తిరగడం. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ నాలుగు సూత్రాలు, అవీ నిర్వచనాలుగా కాదు, మీ ప్రాజెక్టులో ఎక్కడ వాడారో చెప్పేలా. ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా. బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుంది. గిట్ రోజువారీ వాడకం. ఫ్రెషర్‌కు ఇవి చాలు. డైనమిక్ ప్రోగ్రామింగ్ అంతా పూర్తయ్యాకే అప్లై చేస్తానని ఏడాది కూర్చున్నవాళ్లు నాకు తెలుసు, అది పొరపాటు.

డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్‌ను మాత్రం చులకనగా చూడకండి. “రెండో అత్యధిక జీతం తీయండి” అన్నది ఎన్నేళ్లైనా పాతబడని ప్రశ్న. చాలామంది జీతాల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చి రెండో వరుస తీసుకుంటారు. ఇద్దరికి అదే పై జీతం ఉంటే? 90 వేలు, 90 వేలు, 70 వేలు ఉన్నచోట జవాబు 70 వేలు రావాలి, ఈ పద్ధతిలో మళ్లీ 90 వేలే వస్తుంది. ఒకే విలువను ఒక్కసారే తీసుకోమనే డిస్టింక్ట్ వాడితే ఈ తప్పు రాదు. ఇంకో గుంత: కౌంట్‌లో నక్షత్రం పెడితే అన్ని వరుసలూ లెక్కకొస్తాయి, కాలమ్ పేరు పెడితే అందులో నల్ (అంటే విలువే లేకపోవడం) ఉన్న వరుసలు రావు. నల్ ఉన్న టేబుల్ ఒకటి సొంతంగా తయారు చేసుకుని రెండూ రన్ చేసి చూడండి, ఇక జన్మలో మరిచిపోరు.

4. లెక్క ఇచ్చాక నోటితో ఆలోచించండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ఎనుమాముల మార్కెట్ మీకు తెలిసిందే. మిర్చి సీజన్‌లో బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. ఇప్పుడు లెక్క: బస్తాల బరువుల లిస్టు ఇస్తాను, ఏ రెండు బస్తాలు కలిపితే సరిగ్గా 100 కిలోలు అవుతాయో చెప్పండి. ఇంటర్వ్యూలో మిర్చి ఉండదు, ఉత్త అంకెలు ఉంటాయి. దాన్ని ‘టూ సమ్’ అంటారు.

చాలామంది వినగానే తల వంచి టైపు చేయడం మొదలుపెడతారు. నాలుగు నిమిషాలు కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. వాళ్ల బుర్రలో ఏం నడుస్తుందో నాకు ఎట్లా తెలుస్తుంది? ఇలా చేయండి:

మొదట అడగండి. ఒకే బరువు రెండు బస్తాలకు ఉండొచ్చా? ఒక్క జత చాలా, అన్నీ కావాలా? బరువులు ఇవ్వాలా, అవి లిస్టులో ఎన్నో స్థానంలో ఉన్నాయో ఇవ్వాలా? జత దొరక్కపోతే ఏం తిరిగివ్వాలి? బస్తాలు అసలే లేకపోతే?

తర్వాత మొద్దు పద్ధతి చెప్పండి, సిగ్గుపడకుండా. “ప్రతి బస్తాను మిగతా అన్నిటితో జత కట్టి చూస్తాను. పది వేల బస్తాలుంటే దాదాపు 5 కోట్ల జతలు. అంటే ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్, బస్తాలు రెట్టింపైతే పని నాలుగింతలు. పని చేస్తుంది కానీ నెమ్మది.” ఇంత చెప్పగానే మీకు కొన్ని మార్కులు పడిపోయినట్టే.

ఆ తర్వాత మెరుగైనది. “ఒక్కో బస్తా దగ్గర ఆగి, దీనికి ఇంకెంత కావాలో చూస్తాను. 42 అయితే 58 కావాలి. ఇప్పటిదాకా చూసినవాటిలో 58 ఉందా? ఉంటే దొరికినట్టే. లేకపోతే 42ను హ్యాష్ సెట్‌లో వేసుకుని ముందుకు పోతాను. సెట్‌లో వెతకడం సగటున ఒక్క అడుగు, కాబట్టి పది వేల బస్తాలకు పది వేల సార్లు వెతికితే చాలు. బదులుగా ఆ సెట్‌కు కొంత మెమరీ ఖర్చవుతుంది.” స్థానాలు అడిగితే సెట్ బదులు, బరువు పక్కన స్థానం కూడా దాచుకునే మ్యాప్. మెమరీ వద్దంటే బరువుల్ని సార్ట్ చేసి, రెండు చివరల నుంచి లోపలికి జరుగుతూ రావచ్చు. ఈ రెండో దారి ఉందని మీరే అంటే ఎదుటివాడి ముఖంలో తేడా కనిపిస్తుంది.

ఎక్కువమంది పడే గుంత: బరువులన్నీ ముందే సెట్‌లో వేసేసి, తర్వాత వెతకడం. 50, 30, 20 బస్తాలు ఉన్నాయనుకోండి. 50కి ఇంకో 50 కావాలి. సెట్‌లో 50 ఉంది, దొరికిందంటారు. అది అదే బస్తా! ఒక బస్తాను రెండుసార్లు కాంటా పెట్టినట్టు. ముందు వెతకాలి, తర్వాతే సెట్‌లో వేయాలి.

అయిపోయిందనకుండా కాగితం మీద చేత్తో నడిపి చూపండి: 42, 35, 58. మొదటిదానికి 58 కావాలి, లేదు. రెండోదానికి 65, లేదు. మూడోదానికి 42, ఉంది. తర్వాత 50, 50 ఇచ్చి చూడండి, దొరకాలి. 50, 30, 20 ఇస్తే దొరక్కూడదు. ఖాళీ లిస్టు ఇస్తే ప్రోగ్రాం కూలిపోకూడదు. ఈ నాలుగూ అడగకుండానే మీరు చేసి చూపితే, కోడ్‌లో చిన్న తప్పున్నా మేం పట్టించుకోం.

అడ్డం పడితే “లెట్ మి థింక్ ఎలౌడ్” అని, ఎక్కడ ఆగారో చెప్పండి. ఎదుటివాళ్లు చిన్న దారి చూపిస్తే పట్టుకోండి. మా పిల్లలు కొందరు సూచన ఇస్తే అవమానం అనుకుని తమ దారే పట్టుకు వేలాడతారు. తెలియని విషయమైతే తెలియదనే చెప్పండి, వెంటనే “నా ఊహ ఇది” అని ఒక మాట కలపండి.

సాధన: దోస్తుకు ఎదురుగా కూర్చుని రోజుకో లెక్క, ముప్పై నిమిషాలు, ఫోన్‌లో ఆడియో రికార్డు పెట్టండి. తర్వాత విని, ముప్పై సెకన్లకు మించిన నిశ్శబ్దాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మొదటి రోజు పదీ పన్నెండు ఉంటాయి. రెండు మూడుకు వచ్చాక ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. దోస్తు దొరక్కపోతే ఇంట్లో అమ్మకు చెప్పండి. ఆమెకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, మీ నోరు తిరగాలి.

5. “టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్”

‘మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్, మై హాబీ ఈజ్ లిజనింగ్ మ్యూజిక్’ అనే పాఠం వినీ వినీ మా చెవులు తుప్పుపట్టాయి. ఎక్కడ చదివారు, ఏం తయారు చేశారు, అందులో ఏది కష్టమైంది, ఈ ఉద్యోగం ఎందుకు. నాలుగు ముక్కలు, నిమిషంన్నర. మీ ఇంగ్లిష్ పొట్టి పొట్టి వాక్యాల్లో ఉన్నా ఏం కాదు. బట్టీ పట్టిన పొడుగాటి వాక్యం మధ్యలో తెగితేనే ముఖం మాడుతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తెలుగువాళ్లని తెలిసినా మీ అంతట మీరు తెలుగులోకి దిగకండి, వాళ్లు దిగితే సరే.

6. ఇంటి నుంచి ఆన్‌లైన్ అయితే

ఇది నాకే జరిగింది. ఒక కంపెనీ ఫోన్ ఇంటర్వ్యూలో డెడ్‌లాక్ గురించి చెప్తుంటే సరిగ్గా కిటికీ కింద “ఉల్లిగడ్డలో… ఎల్లిగడ్డలో…” అని మైకు బండి ఆగింది. కంగారుపడి ఫోనే కట్ చేశాను. తిరిగి వాళ్లు చేయలేదు. ఆ రోజు చేయాల్సింది సింపుల్: “సారీ, వీధిలో చప్పుడు, ఒక్క నిమిషం” అని ఆగి, మళ్లీ మొదలుపెట్టడం. అందరి ఇంటి ముందూ ఉల్లిగడ్డల బండి వస్తుంది.

వీధి వైపు కాని గది చూసుకోండి. ఆ గంటసేపు కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. ముందు రోజే అదే లింకుతోనో, అలాంటి యాప్‌తోనో దోస్తుకు కాల్ చేసి కెమెరా, మైకు చూసుకోండి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కదా, అందుకే ఫోన్ హాట్‌స్పాట్ ముందే జత చేసి పెట్టండి. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు.

హెచ్చరిక: పక్కన ఫోన్ పెట్టి ఏఐ చెప్పింది చదవడం, చెవిలో ఎవరో చెప్తుంటే పలకడం మాకు తెలియదనుకోకండి. చదివేవాడి కళ్లు ఎడమ నుంచి కుడికి పోతుంటాయి. “ఈ వరస ఎందుకు రాశారు?” అని అడిగితే మూడు సెకన్లు ఆగి పుస్తకం భాషలో జవాబొస్తుంది. అలాంటప్పుడు నేను కోడ్‌లో ఒక్క షరతు మార్చి మళ్లీ చేయమంటాను. అక్కడితో కథ ముగుస్తుంది.

7. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే

దూరం 150 కిలోమీటర్ల లోపే కదా అని పొద్దుగాల కాజీపేటలో రైలెక్కి పదింటి ఇంటర్వ్యూ అందుకుందామనుకోకండి. ముందు రోజే వెళ్లి దోస్తు రూమ్‌లో పడుకోండి. కుదరకపోతే హన్మకొండలో తెల్లవారుజామునే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి మెట్రో పట్టండి. నాగోల్–రాయదుర్గం లైనే హైటెక్ సిటీకి పోతుంది, మధ్యలో మారే పని లేదు. రైల్లో సికింద్రాబాద్‌లో దిగినా అదే లైను సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో దొరుకుతుంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్లు జేబీఎస్‌లో దిగి పక్కనే పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో ఎక్కొచ్చు. ఉప్పల్ నుంచి గంట పైనే చేతిలో పెట్టుకోండి. స్టేషన్ నుంచి కంపెనీకి ఇంకో అరగంట, గేటు దగ్గర ఎంట్రీ పాస్‌కు పావుగంట.

ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చేసి రాకండి. “మా దగ్గరే ఉంచుతాం” అన్నచోట ఆగి ఆలోచించండి.

8. హెచ్ఆర్, జీతం

వేరే ఊరు పోతారా, నైట్ షిఫ్ట్ చేస్తారా, ఇంకెక్కడైనా ఆఫర్ ఉందా అని అడుగుతారు. ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్లండి. అక్కడ ఊఁ అని, తర్వాత “మా అమ్మ వద్దంటోంది” అంటే బాగుండదు.

సీటీసీని (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 12తో భాగించి ఇంట్లో చెప్పకండి. ఉదాహరణకు ఏడాదికి 4,20,000 అన్నారనుకోండి. భాగిస్తే నెలకు 35,000. ఏడాది మొత్తంలో 30,000 వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అయితే అది నెలనెలా రాదు, మిగిలింది నెలకు 32,500. కంపెనీ వంతు పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 840 (బేసిక్ 17,500 అనుకుంటే అందులో 4.81 శాతం), మీ వంతు పీఎఫ్ 1,800, మన రాష్ట్రం ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి దాదాపు 27,800. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కోస్తే ఇంకా తగ్గుతుంది. అందుకే “నెలకు చేతికెంత వస్తుంది, వేరియబుల్ ఎంత, సర్వీస్ అగ్రిమెంట్ ఉందా, ఉంటే ఎన్నాళ్లు?” అని అక్కడే అడగండి. అగ్రిమెంట్ ఉంటే చదివి సంతకం పెట్టండి, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చదివినట్టు కాదు.

హెచ్చరిక: ఉద్యోగానికి ముందు డబ్బు అడిగితే, అది ట్రైనింగ్ ఫీజన్నా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అన్నా, బ్యాక్‌డోర్ అన్నా, లేచి వచ్చేయండి. ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ నుంచి వస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. దొంగ అనుభవం పెట్టిస్తామనే వాళ్ల దగ్గరికి అసలే పోకండి. మీరు ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశారో పీఎఫ్ రికార్డులో తేదీలతో ఉంటుంది, తనిఖీలో మొదట చూసేవాటిలో అదొకటి.

9. బయటికొచ్చాక

గంటలోపు, బస్సులోనైనా సరే, అడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాయండి. పక్కన మూడు గుర్తులు: చెప్పాను, తడబడ్డాను, తెలియదు. తడబడ్డవి ఆ రాత్రే మళ్లీ చేయండి. నాలుగైదు ఇంటర్వ్యూలయ్యాక చూస్తే ఒకే చోట మళ్లీ మళ్లీ తడబడుతున్నట్టు కనిపిస్తుంది. కొత్త కోర్సులో చేరడానికి ముందు ఆ ఒక్కటి సరిచేసుకోండి.

వాళ్లు చెప్పిన గడువు దాటి వారమైతే ఒక మెయిల్ పెట్టండి, రెండు లైన్లు చాలు. దానికీ జవాబు లేకపోతే వదిలేయండి. కాదన్న కంపెనీకి మళ్లీ అప్లై చేయాలంటే చాలాచోట్ల ఆరు నెలలు ఆగమంటారు, ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. నేను ఇప్పుడు పనిచేస్తున్న చోట కొలువు దొరికింది రెండోసారి వెళ్లినప్పుడే. మొదటిసారి పోయింది ఎక్కడంటే, ఆ 50 కిలోల బస్తా దగ్గర.